చిన్న ఊరి ప్రేమకథల్లో మాయకు పనేమిటి?

ప్రేమ నవల అనుకుని తెరిచిన పుస్తకంలో పెరటి చెట్టు మనుషుల మీదికి కాయలు విసురుతుంది. మాజికల్ రియలిజం (మన మామూలు లోకంలో జరిగే వింతను మామూలు సంగతిలా చెప్పే రచనా పద్ధతి) అన్న పేరు చూసి తెచ్చుకున్న పుస్తకం చివరికొచ్చేసరికి ఇద్దరూ ఒకటవుతారు, ఊరంతా సంతోషిస్తుంది. ఫాంటసీ కాబోలని చదవబోతే రాజ్యాలు లేవు, యుద్ధాలు లేవు, మంత్రదండం అసలే లేదు. వంటలు చేసి బతికే ఒక అమ్మాయి, ఆమె పుట్టి పెరిగిన ఊరు, పక్కింట్లోకి కొత్తగా దిగిన ఒక మనిషి, అంతే. చిన్న ఊరి ప్రేమకథకు కాస్త మాయ కలిపి రాసే ఈ నవలలు ఇంగ్లీషు పుస్తకాల మార్కెట్లో, ముఖ్యంగా అమెరికాలో, తమకంటూ ఒక చోటు సంపాదించుకున్నాయి. వాటిని ఏ అరలో పెట్టాలన్న గందరగోళం మాత్రం తీరలేదు. మాయ మరీ తక్కువైందని ఒక పాఠకుడు నిట్టూరిస్తే, మంచి ప్రేమకథలో ఈ గారడీ ఎందుకని ఇంకొకరు విసుక్కుంటారు.

రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే. మాయ ఎంత ఉందో కొలుస్తున్నారు గానీ, అది కథలో ఏ పని మీద వచ్చిందో చూడడం లేదు.

క్లుప్తంగా: ఇప్పటి ప్రేమకథల్లో ప్రేమికులకు బయటి అడ్డంకులు తగ్గిపోయాయి. మనసులోని అడ్డంకిని కంటికి కనిపించే వస్తువుగా మార్చడానికి ఈ నవలలు మాయను వాడుకుంటాయి. ఆ వింతను మామూలు సంగతిగా తీసుకునే సాక్షులు చిన్న ఊళ్లో దొరుకుతారు. కథ సుఖాంతం కావాలన్న ప్రేమ నవలల కట్టుబాటు మాయకు హద్దులు గీస్తుంది. లాటిన్ అమెరికా నవలల్లోని చారిత్రక పదును ఇక్కడ మొద్దుబారడానికీ ఆ కట్టుబాటే ప్రధాన కారణం.

## పేరు ఎక్కడిది

మాజికల్ రియలిజం అన్న పేరు మొదట బొమ్మల గురించి పుట్టింది. 1925లో జర్మన్ కళా విమర్శకుడు ఫ్రాంజ్ రో, ఎక్స్‌ప్రెషనిజం (భావాల తీవ్రత కోసం రూపాలను వంకర తిప్పి గీసే ధోరణి) తర్వాత వచ్చిన చిత్రకారుల గురించి రాస్తూ దాన్ని వాడాడు. ఆ బొమ్మల్లో దయ్యాలూ దేవతలూ ఉండరు. మామూలు వస్తువుల్నే ఎంత నిశితంగా గీస్తారంటే, చూసేవారికి అవే వింతగా తోస్తాయి. 1949లో క్యూబా రచయిత అలేహో కార్పెంటియర్, హైతీ నేపథ్యంతో రాసిన తన నవల ముందుమాటలో ఇంకో వాదం తెచ్చాడు. యూరప్ కళాకారులు తంటాలు పడి కల్పించే అద్భుతం లాటిన్ అమెరికా చరిత్రలో, అక్కడి జనం నమ్మకాల్లో సహజంగానే ఉందన్నాడు. 1955లో విమర్శకుడు ఏంజెల్ ఫ్లోరెస్ స్పానిష్ అమెరికన్ కథా సాహిత్యానికి ఈ పేరును అన్వయిస్తూ వ్యాసం అచ్చువేశాడు. 1967లో కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' వచ్చింది, 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఈ పేరు తెలియని సాహిత్య పాఠకుడు లేడు.

ఆ నవల నుంచి తర్వాతి తరాలు ఎత్తుకున్న మెళకువను ఒక్క సన్నివేశంలో చూడవచ్చు. రెమెడియోస్ అనే అందగత్తె పెరట్లో దుప్పట్లు మడతపెడుతూ, ఆ దుప్పట్లతో సహా గాల్లోకి లేచి ఆకాశంలో కలిసిపోతుంది. ఆ ఇంటి కోడలు ఫెర్నాండా బాధ వేరు: తన దుప్పట్లు తనకు తిరిగి ఇప్పించమని దేవుణ్ణి ప్రార్థిస్తుంది. మనిషి ఎగిరిపోవడం కంటే దుప్పట్లు పోవడం పెద్ద నష్టమైన ఇల్లు అది. కథ చెప్పే గొంతు ఎక్కడా తడబడదు, ఎక్కడా సంజాయిషీ ఇవ్వదు.

సాహిత్య సిద్ధాంతకారుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఫ్రెంచిలో అచ్చయిన తన సిద్ధాంత గ్రంథంలో వింతలున్న కథలను విడదీసిన తీరు ఇక్కడ పనికొస్తుంది. జరిగింది భ్రమా నిజమా అని పాఠకుడు ఊగిసలాడితే అదొక రకం. ఈ లోకంలో ఇవన్నీ మామూలే అని కొత్త సూత్రాలు ఒప్పుకుంటే అది ఇంకో రకం. మాజికల్ రియలిజం ఈ రెంటిలో దేనిలోనూ ఇమడదు. లోకం మనదే, సూత్రాలూ మనవే. ఒక్క సంగతి మాత్రం ఆ సూత్రాలకు లొంగదు, దాని గురించి ఎవరూ గొడవ చేయరు.

## వంటింట్లోకి దిగిన మాయ

1989లో మెక్సికో రచయిత్రి లౌరా ఎస్కివెల్ 'లైక్ వాటర్ ఫర్ చాక్లెట్' ప్రచురించింది. నెలకొకటి చొప్పున పన్నెండు అధ్యాయాలు, ప్రతి అధ్యాయానికీ ఒక వంటకం. ఆ ఇంటి ఆచారం ప్రకారం ఆఖరి కూతురు టీటా పెళ్లి మానుకుని, తల్లి బతికున్నంత కాలం ఆమెకు సేవ చేయాలి. టీటాను ప్రేమించిన పెద్రో, ఆమెకు దగ్గరగానైనా ఉండవచ్చని ఆమె అక్కను చేసుకుంటాడు. ఆ పెళ్లికి కేకు చేసే పని టీటా మీదే పడుతుంది. కలుపుతూ కలుపుతూ ఏడుస్తుంది, కన్నీళ్లు పిండిలో కలుస్తాయి. ఆ కేకు తిన్న అతిథులందరికీ ఎప్పుడో చేజారిన ప్రేమలు గుర్తొచ్చి ఏడుపు ముంచుకొస్తుంది, ఆ వెంటనే వాంతులు పట్టుకుంటాయి. పెళ్లి విందు కాస్తా అల్లకల్లోలమైపోతుంది.

మార్కెజ్ నవలలో వింత ఒక ఊరి చరిత్రను మోసింది. ఎస్కివెల్ నవలలో అది ఒక ఆడపిల్ల నోరు తెరిచి చెప్పుకోలేని బాధను మోసింది. ఆ మార్పు పెద్దది. ఇవాళ బేకరీల చుట్టూ, పూలతోటల చుట్టూ, టీ దుకాణాల చుట్టూ తిరిగే ప్రేమ నవలలన్నీ ఆ కేకు దగ్గరే మొదలయ్యాయంటే పెద్ద అతిశయోక్తి కాదు.

అక్కడి నుంచి దారి అమెరికా వైపు తిరిగింది. 1995లో ఆలిస్ హాఫ్‌మన్ 'ప్రాక్టికల్ మ్యాజిక్', 1999లో బ్రిటిష్ రచయిత్రి జోఆన్ హారిస్ 'షోకొలా', 2007లో నార్త్ కరోలైనా రచయిత్రి సారా అడిసన్ అలెన్ 'గార్డెన్ స్పెల్స్' వచ్చాయి. మూడింటినీ ఒకే గాటన కట్టడం అలవాటైపోయింది గానీ తేడాలు చిన్నవేం కాదు. హారిస్ నవలలో అసలు పోరు చాక్లెట్ కొట్టు పెట్టిన కొత్త మనిషికీ, ఉపవాస దినాల్లో ఆ కొట్టేమిటని మండిపడే పూజారికీ మధ్య నడుస్తుంది. ప్రేమ అక్కడ పక్కవాటు సంగతి. హాఫ్‌మన్ నవలలో అక్కచెల్లెళ్ల బంధం ఎంత ముఖ్యమో ప్రేమా అంతే ముఖ్యం. చిన్న ఊరు, ప్రేమ, మాయ మూడూ సమపాళ్లలో కుదిరి, తర్వాతివారికి అచ్చుగా పనికొచ్చింది అలెన్ నవలే.

## అడ్డంకి బయటి నుంచి లోపలికి

ప్రేమ నవల నడిచే తీరును విమర్శకురాలు పమేలా రెజిస్ 2003 నాటి గ్రంథంలో ఎనిమిది అంశాలుగా విడదీసింది. కథ జరిగే సమాజం ఎలాంటిదో చెప్పడం, ఇద్దరి కలయిక, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమను ఒప్పుకోవడం, అంతా చేజారిపోయిందనిపించే ఘట్టం, అడ్డంకి దాటే దారి తెలిసిరావడం, చివరికి పెళ్లి మాట. వీటిలో కథను నడిపే ఇంధనం అడ్డంకే. అది బలంగా లేకపోతే మిగతా ఏడూ చప్పగా ఉంటాయి.

పాత నవలల్లో అడ్డంకికి కరువు లేదు. ఆస్తి, అంతస్తు, మతం, తండ్రి మాట, కుటుంబ పరువు ఉండేవి. టీటా కథలో ఆచారమే గోడలా నిలబడింది. కానీ ఇప్పటి అమెరికా చిన్న ఊళ్లో, సొంత సంపాదన, సొంత ఇల్లు ఉన్న ముప్పై ఏళ్ల స్త్రీని ప్రేమించకుండా ఆపేదెవరు? బయట ఎవరూ లేరు. అందుకే చాలా ప్రేమ నవలలు అపార్థాల మీద ఆధారపడతాయి. ఒక్క ఫోన్ చేసి మాట్లాడితే తీరిపోయే దానికి మూడు వందల పేజీలా అని పాఠకులు విసుక్కునేది అక్కడే.

మిగిలిన అడ్డంకి మనసులోది: భయం, పాత గాయం, వదిలేసి పోయిన తల్లి. నిజజీవితంలో దానికి మించిన గోడ ఉండదు. నవలలో మాత్రం దాన్ని చూపించడం కష్టం. పేజీల కొద్దీ పాత్ర తనలో తాను అనుకునే మాటలు రాయాలి, లేదా మంచి స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టి సలహాలు ఇప్పించాలి. రెండూ త్వరగా మొహం మొత్తే పద్ధతులే.

మాయ అక్కరకొచ్చేది ఇక్కడ. 'గార్డెన్ స్పెల్స్'లో వేవర్లీ వారి పెరట్లో ఒక ఆపిల్ చెట్టు ఉంటుంది. దాని పండు తిన్నవారికి తమ జీవితంలో జరగబోయే అతి పెద్ద సంఘటన కనిపిస్తుంది. వినడానికి వరంలా ఉంటుంది. ఆ అతి పెద్ద సంఘటన మంచిదే అయి ఉండాలని ఎక్కడుంది? ఆ ఇంటి ఆడపిల్ల ఒకామె చిన్నప్పుడే పండు తిని, తన చావును చూసేసి, ఆ తర్వాత ఎక్కడా కుదురుగా నిలవలేక, కన్నకూతుళ్లను వదిలి వెళ్లిపోయింది. పెద్ద కూతురు క్లేర్ ఇప్పుడు ఆ తోటకు కాపలా. ఎత్తైన కంచె, తాళం వేసిన గేటు. రాలిన పళ్లను ఎవరూ తినకుండా పాతిపెడుతుంది.

ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషని రచయిత్రి వాదించి ఒప్పించాల్సిన పని లేదు. తాళం కనిపిస్తూనే ఉంది. పక్కింటికి కొత్తగా వచ్చిన టైలర్ పెరట్లోకి కంచె దాటి పళ్లు పడతాయి, ఏమీ తెలియని అతను తినేస్తాడు. మనసులో జరగాల్సిన కథంతా తోటలో జరిగిపోయింది. చెట్టు తీసేసినా క్లేర్ భయం అలాగే ఉంటుంది, కానీ పాఠకుడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కథలో మాయ పనిచేస్తోందా, ఊరికే మెరుస్తోందా అన్నది తేల్చుకోవడానికి ఇలా తీసి చూడడమే సులువైన మార్గం. ఈ రకం నవలలు చాలావాటిలో మాయ తీసేసినా కథకు వీసమెత్తు నష్టం ఉండదు. హీరోయిన్ చేసిన బిస్కట్లు తింటే అందరికీ మనసు తేలికపడుతుంది. మంచిదే, ఆ తర్వాత? కథలో అడ్డంకికీ ఆ బిస్కట్లకూ సంబంధమే ఉండదు. మాయ తక్కువైందన్న ఫిర్యాదు ఎక్కువగా ఇలాంటి పుస్తకాల మీదే వస్తుంది, నిజానికి అక్కడ తక్కువైంది మాయకు పని.

## ఊరు చిన్నదే ఎందుకు

పల్లెటూళ్లోని మూడు నాలుగు కుటుంబాలుంటే నవలకు చాలునని జేన్ ఆస్టెన్ 1814లో, నవల రాయబోతున్న అన్న కూతురికి ఉత్తరంలో సలహా ఇచ్చింది. ప్రేమకథకు చిన్న ఊరు ఎందుకు నప్పుతుందో తెలిసిందే. తప్పించుకుందామన్నా ఇద్దరూ మళ్లీ మళ్లీ ఎదురుపడతారు. ఎవరి గతం ఏమిటో అందరికీ తెలుసు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషిని ఊరు పాత పేరుతోనే పిలుస్తుంది. కానీ మాయ కలిపినప్పుడు ఊరు ఇంకో పని కూడా చేయాలి: వింతను వింతగా చూడకూడదు.

ఇది నగరంలో సాధించడం కష్టం. మహానగరంలో ఒక చెట్టు భవిష్యత్తు చూపిస్తే ఒకరు నమ్మరు, ఒకరు వీడియో తీస్తారు, ఇంకొకరు టికెట్ పెడతారు. కథ కాస్తా ఆ చెట్టు గురించే అయిపోతుంది. చిన్న ఊళ్లో ఆ చెట్టు గురించి తాతల నాటి నుంచి తెలుసు. మాట్లాడుకోవడానికి కొత్తేమీ లేదు.

అలెన్ ఈ పనిని ఎలా చేసిందో దగ్గరగా చూడడం మంచిది. ఆమె కల్పించిన బాస్కమ్ అనే ఊళ్లో ప్రతి కుటుంబానికీ ఒక పేరుంది. హాప్కిన్స్ ఇంటి మగవాళ్లు తమకంటే పెద్ద వయసు స్త్రీలనే పెళ్లాడతారు. క్లార్క్ ఇంటి ఆడవాళ్లు మగవాళ్లను పడకింట్లో కట్టిపడేసే విద్యలో ఆరితేరినవారు. ఫలానా ఇంటివాళ్లు ఇంతే అని ఏ చిన్న ఊళ్లోనైనా చెప్పుకునే మాటలే ఇవి. ఈ వరసలోనే వేవర్లీ వారి తోట కూడా వస్తుంది. వారి బంధువు ఎవనెల్ అనే ముసలావిడ, ఎందుకో తనకే తెలియకుండా, ఎవరికో ఒకరికి ఏదో ఒక వస్తువు తెచ్చి ఇస్తుంది. కొన్నాళ్లకు ఆ వస్తువుతో వారికి అవసరం పడుతుంది. కుటుంబ స్వభావాల మీద ఊరి నోట నలిగే మాటకూ మహిమకూ మధ్య తేడా ఒక్క మెట్టే. ఆ మెట్టు ఎక్కినట్టు పాఠకుడికి తెలియనివ్వకపోవడమే రచయిత్రి నేర్పు.

ఊరికి ఇంకో ముఖం ఉంది. హాఫ్‌మన్ నవల మొదలవడమే ఓవెన్స్ ఇంటి ఆడవాళ్ల మీద ఊరికున్న కోపంతో మొదలవుతుంది: రెండు వందల ఏళ్లకు పైగా ఊళ్లో ఏ చెడు జరిగినా నింద ఆ ఇంటి మీదే. ఆ ఇంటి పిల్లల్ని చూస్తే జనం వీధి దాటి అవతలికి పోతారు. మళ్లీ మునిమాపు వేళ అదే ఊరి ఆడవాళ్లు, ప్రేమ కుదిర్చిపెట్టమని వేడుకుంటూ, పెరటి గుమ్మం దగ్గర నిలబడతారు. పగటి వెలివేతా, మునిమాపు వేడుకోలూ ఒకే ఊరివి. చిన్న ఊరి ఆప్యాయత గురించి రాసే నవలలు కుప్పతెప్పలుగా ఉన్నాయి. ఆ ఆప్యాయత వెనుక ఉన్న కాపలా కన్నును కూడా చూపించినవే నిలబడ్డాయి.

జపాన్ రచయిత తోషికాజు కవాగుచి 2015 నవల 'బిఫోర్ ద కాఫీ గెట్స్ కోల్డ్'తో పోలిస్తే ఊరి పాత్ర ఇంకా తేటపడుతుంది. అక్కడ ఊరు లేదు, ఒక కాఫీ హోటల్ ఉంది. అందులో ఒక కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్లవచ్చు. నమ్మి తలూపే ఊరు లేదు కాబట్టి నియమాలు చెప్పాల్సి వస్తుంది: ఆ కుర్చీ నుంచి లేవకూడదు, కాఫీ చల్లారేలోగా తిరిగి రావాలి, అక్కడ ఏం చేసినా ఇప్పటి సంగతులు మారవు. ఊరి నమ్మకం ఉన్నచోట నియమాల పట్టిక అక్కర్లేదు. పట్టిక వచ్చిందంటే కథ ఫాంటసీ వైపు జరిగినట్టే.

## సుఖాంతం పెట్టే షరతు

అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం, 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా, ప్రేమ నవలకు రెండు లక్షణాలు చెప్పింది. కథకు కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేదిగా, ఆశ మిగిల్చేదిగా ఉండాలి. సంఘం మాట అటుంచితే, పాఠకుల మాటా అదే. పరిశోధకురాలు జానిస్ రాడ్వే తన 1984 గ్రంథం కోసం ఒక అమెరికన్ ఊళ్లోని పాఠకురాళ్లను, ఊరి అసలు పేరు దాచిపెట్టి, అధ్యయనం చేసింది. ప్రేమ నవలలో అన్నింటికంటే ముఖ్యమైనది ఏమిటని అడిగితే వారిలో ఎక్కువమంది చెప్పింది సుఖాంతమే.

ఈ కొలతతో చూస్తే ఎస్కివెల్ నవల ప్రేమ నవల కిందికి రాదు. టీటా, పెద్రో చివరికి ఒకటవుతారు, ఆ రాత్రే మంటల్లో కలిసిపోతారు. 'షోకొలా'లో ప్రేమ కేంద్రం కాదు. వాటి నుంచి మాయను తీసుకున్న ప్రేమ నవల, తన కట్టుబాటు ప్రకారం దాన్ని దిద్దుకోవాల్సి వచ్చింది.

దిద్దుబాటు ఎలాగన్నది ఆసక్తికరం. సుఖాంతం ముందే ఖాయమైనప్పుడు, మాయ అనే సాధనం కూడా చేతికిస్తే కథ మొదటి అధ్యాయంలోనే అయిపోతుంది. అందుకే ఈ రకం నవలల్లో రాసి పెట్టని నియమం ఒకటి స్థిరపడింది: మాయ అడ్డంకిని చూపించవచ్చు, పెంచవచ్చు, ఇద్దరినీ ఒకచోటికి నెట్టవచ్చు. ప్రేమను మాత్రం పుట్టించకూడదు. మాయతో పుట్టించిన ప్రేమ ఎలా ఉంటుందో హాఫ్‌మన్ ముందే చూపించింది. మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయి, పెళ్లయిన మగవాడి మీద మనసుపడి, ఓవెన్స్ ఇంటి పెద్దమ్మల చేత మందు వేయిస్తుంది. పావురం గుండె, గుండుసూది. మందు పారుతుంది. అతను ఆమెను ఎంతగా అంటిపెట్టుకుంటాడంటే ఆమెకు ఊపిరాడదు. కోరుకున్నది అక్షరాలా దొరికింది, అదే శిక్షైంది.

పాఠకుడు కోరేది ఇద్దరు మనుషులు తమంతట తాము ఎంచుకోవడం. ఆ ఎంపికను మాయ చేసిపెడితే సుఖాంతంలో సుఖం పోతుంది. ప్రేమకథలో ఈ గారడీ ఎందుకన్న ఫిర్యాదు సమంజసమయ్యేది రచయితలు ఈ గీత దాటినప్పుడే. ఆఖరి అధ్యాయంలో ఏ అమ్మమ్మ ఆత్మో వచ్చి ఇద్దరి చేతులూ కలిపి వెళ్లిపోతే, అంతవరకు వారు పడ్డ తపనకు లెక్క ఉండదు.

## మొద్దుబారిన పదును

కట్టుబాటుకు మూల్యం ఉంది. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనాగా పట్టణంలో, సమ్మె చేస్తున్న అరటితోటల కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. మార్కెజ్ నవలలో ఆ ఊచకోత తర్వాత శవాలను రైల్లో నింపి తీసుకుపోతారు. బతికి బయటపడ్డవాడు ఊళ్లోకి వచ్చి చెబితే, ఇక్కడ ఎవరూ చావలేదే అంటారు. ఆ వెనుకే నాలుగేళ్ల పదకొండు నెలల రెండు రోజుల వాన. ఎగిరే దుప్పట్ల గురించి తొణకకుండా చెప్పిన గొంతే ఈ మరపు గురించి కూడా తొణకకుండా చెబుతుంది. అక్కడ వింతైనది వాన కాదు, ఊరంతా కలిసి మరిచిపోవడం.

చిన్న ఊరి ప్రేమ నవలల్లో ఆ గొంతు వచ్చింది, ఆ చరిత్ర రాలేదు. ఊరు ఎలా పుట్టింది, ఆ భూమి మొదట ఎవరిది, అందమైన పాత భవంతులు ఎవరి రెక్కల కష్టంతో లేచాయి అన్న ప్రశ్నలు అమెరికా దక్షిణ రాష్ట్రాల నేపథ్యంలో తప్పించుకోలేనివి. ఈ నవలలు ఎక్కువగా వాటిని తప్పించుకుంటాయి. ఇక్కడ మాయ ఇంటి గుట్టు విప్పుతుంది, ఊరి గుట్టు జోలికి పోదు.

మాజికల్ రియలిజం అమ్మకపు సరుకుగా మారిందన్న అసంతృప్తి లాటిన్ అమెరికాలోనే ముందు మొదలైంది. 1996లో చిలీ రచయితలు అల్బెర్తో ఫుగెత్, సెర్హియో గోమెజ్ 'మెకాండో' పేరుతో ఒక కథా సంకలనం తెచ్చారు. మార్కెజ్ సృష్టించిన మకాండో అనే ఊరి పేరును, మెక్‌డొనాల్డ్స్ నూ మెకింతోష్ కంప్యూటర్లనూ తలపించేలా మెలితిప్పి పెట్టిన వెక్కిరింత అది. లాటిన్ అమెరికా అంటే ఎగిరే అమ్మమ్మలేనా, మా ఊళ్లలో ట్రాఫిక్ జామ్‌లూ కేబుల్ టీవీలూ లేవా అన్నది వారి గోడు.

ఆ విమర్శను యథాతథంగా తెచ్చి ప్రేమ నవల మీద మోపితే కొంత అన్యాయం జరుగుతుంది. ప్రేమ నవల తన పరిధిని ముందే చెప్పుకున్న ప్రక్రియ. పైగా ఇంటి గుట్టు చిన్నదేం కాదు. 'గార్డెన్ స్పెల్స్'లో చెల్లెలు సిడ్నీ కూతుర్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేది తనను హింసించే మగవాడి నుంచి పారిపోయి. కొట్టే మొగుడు, వదిలేసిన తల్లి, నింద మోసే కుటుంబం, ఇవి కూడా చరిత్రే, ఇంటి గోడల మధ్య జరిగేది. అయితే దాన్ని మాజికల్ రియలిజం అన్న పెద్ద పేరుతో అమ్మినప్పుడు ఆ పేరుతో వచ్చే అంచనాలు కూడా వెంట వస్తాయి. మార్కెజ్ పాఠకుడు నిరాశపడితే ఆ తప్పు నవలది కాదు, అట్ట మీది చీటీది.

## సిరీస్ అయ్యాక ఏం జరుగుతుంది

చిన్న ఊరి ప్రేమ నవలల వ్యాపారం సిరీస్‌ల మీద నడుస్తుంది. ఒక పుస్తకంలో అక్క కథ, తర్వాతి దాంట్లో చెల్లెలిది, ఆ పైన కాఫీ కొట్టు యజమానిది. జంటలు మారతాయి, ఊరు మారదు. మాయ ఏమీ లేని రాబిన్ కార్ 'వర్జిన్ రివర్' ఇందుకు మంచి ఉదాహరణ. 2007లో మొదలై ఇరవైకి పైగా పుస్తకాలైంది, 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్ సీరియల్ అయింది. పాఠకులు మళ్లీ మళ్లీ వచ్చేది ఆ ఊరికే.

టిక్‌టాక్‌లో పుస్తకాల గురించి మాట్లాడుకునేవారు పెరిగాక ఈ ధోరణికి ఇంకో ఊపు వచ్చింది. పుస్తకాన్ని కథతో కాకుండా దినుసులతో పరిచయం చేయడం అక్కడి పద్ధతి: చిన్న ఊరు, బేకరీ, శాపం, తిరిగొచ్చిన పాత ప్రియుడు. 2022లో ట్రావిస్ బాల్డ్రీ 'లెజెండ్స్ అండ్ లాటేస్' బాగా ఆదరణ పొందాక, లోకాన్ని కాపాడే పని లేని, కాఫీ కొట్టు నిలబడితే చాలనుకునే ఫాంటసీకి 'కోజీ ఫాంటసీ' అన్న పేరు స్థిరపడింది. అటు నుంచి ఫాంటసీ చిన్న ఊరి వైపు నడిచింది, ఇటు నుంచి ప్రేమ నవల మాయ వైపు నడిచింది. మధ్యలో మంత్రగత్తెల ప్రేమకథలు పుట్టుకొచ్చాయి. వాటిలో మాయకు విద్యాలయాలు, సంఘాలు, చట్టాలు ఉంటాయి. సరదాగా ఉండవచ్చు గానీ, తొణకని గొంతుకు అక్కడ పని లేదు.

సిరీస్‌కూ మాయకూ పొత్తు కుదరని చోటు కూడా ఇదే. ఒక్క పుస్తకంలో చెట్టు ఎందుకు అలా చేస్తుందో ఎవరూ అడగరు. మూడో పుస్తకానికి పాఠకులు అడగడం మొదలుపెడతారు. మొదట ఎవరు నాటారు, ఇంకెవరికి ఈ శక్తి ఉంది, దీనికి విరుగుడేమిటి? ప్రచురణకర్తకు ఆ ప్రశ్నలు అవకాశాల్లా కనిపిస్తాయి. జవాబు చెప్పిన కొద్దీ వింత, వివరణ ఉన్న విషయంగా మారుతుంది.

ఓవెన్స్ కుటుంబం కథ ఇదే దారి పట్టింది. 1995 నవలలో ఆ ఇంటి మీది నింద గురించి ఊరు చెప్పుకునే మాటలే ఎక్కువ. మూలం తవ్వే పని నవల పెద్దగా పెట్టుకోలేదు. ఆ నవల ఆధారంగా తీసిన 1998 సినిమా ఆ ఇంటి ఆడవాళ్ల ప్రేమను వెంటాడే శాపాన్ని కథకు నడుమ నిలబెట్టింది. 2017లో హాఫ్‌మన్ ఆ పెద్దమ్మల యవ్వనం గురించి ఒక నవల, 2020లో 17వ శతాబ్దానికి వెళ్లి వంశానికి మూలమైన మారియా ఓవెన్స్ గురించి ఇంకొకటి, 2021లో అన్నింటినీ ముడివేస్తూ మరొకటి రాసింది. ఇరవై అయిదేళ్ల కిందట ఊరు భుజాలెగరేసి వదిలేసిన సంగతికి 2020 నవలలో కాలం, చోటు, మోసం చేసిన మగవాడి పేరు అన్నీ దొరుకుతాయి. చదివించే నవలే, కానీ దాన్ని పెట్టాల్సింది చారిత్రక ఫాంటసీ అరలో.